పెంపుడు ఎలుకలలో శ్వాసకోశ వ్యాధి - యాంటీబయోటిక్ చికిత్స

ఎలుకల శ్వాసకోశ మైకోప్లాస్మా వ్యాధి అనేది పెంపుడు ఎలుకలలోను, ప్రయోగశాల ఎలుకలలోను ముక్కు, మధ్య చెవి, శ్వాసనాళాలు, ఊపిరితిత్తులకు సోకే దీర్ఘకాలిక అంటువ్యాధి. దీనికి ప్రధాన కారకం మైకోప్లాస్మా పల్మోనిస్ అనే బాక్టీరియా. పెంపుడు ఎలుకలను పశువైద్యుని వద్దకు తీసుకువెళ్ళవలసి వచ్చే కారణాలలో ఇది ముందు వరుసలో ఉంటుంది. యాంటీబయోటిక్ మందులతో వ్యాధి తీవ్రతను తగ్గించి, ఎలుక సుఖంగా జీవించే కాలాన్ని పొడిగించవచ్చును గాని, క్రిమిని శరీరం నుండి పూర్తిగా తొలగించడం సాధారణంగా సాధ్యపడదు. చికిత్స మొదలుపెట్టే ముందు పెంపకందారులు తెలుసుకొనవలసిన మొదటి విషయం ఇదే.

పెంపుడు ఎలుక నార్వే ఎలుక (రాటస్ నార్వెజికస్) జాతికి చెందినది. అంగళ్ళలో దొరికే తెల్ల ఎలుకలు, నలుపు తెలుపు మచ్చల ఎలుకలు ఈ జాతివే. తెలుగునాట ఇళ్ళ అటకల మీద తిరిగే నల్ల ఎలుక (రాటస్ రాటస్), పొలం గట్లను తవ్వే పందికొక్కు వేరు జాతులు. పెంపుడు ఎలుక సగటున రెండు నుండి మూడు సంవత్సరాలు జీవిస్తుంది. అందువలన దానికి ఒక నెల జబ్బు అనేది మనిషి లెక్కలో ఏళ్ళ తరబడి జబ్బుతో సమానము.

కారకం

మైకోప్లాస్మాలు స్వతంత్రంగా వృద్ధి చెందగల జీవులలో అత్యంత చిన్నవి. వీటి ప్రత్యేక లక్షణం, కణకవచం లేకపోవడం. పెన్సిలిన్, అమాక్సిసిలిన్, సెఫలెక్సిన్ వంటి మందులు బాక్టీరియా కణకవచ నిర్మాణాన్ని అడ్డుకొనడం ద్వారా పనిచేస్తాయి. గోడ కట్టే మేస్త్రీని ఆపే మందు అసలు గోడే లేని ఇంటిలో చేయగలిగినది ఏమీ లేదు. కనుక ఇంటిలో పిల్లల జలుబుకు తెచ్చి మిగిలిపోయిన అమాక్సిసిలిన్ సిరప్ మైకోప్లాస్మా మీద పనిచేయదు. అయినా కొన్ని ఎలుకలు ఆ మందుతో తేరుకొన్నట్లు కనిపిస్తాయి. దీనికి కారణం, మైకోప్లాస్మాతో పాటు చేరిన ఇతర బాక్టీరియాలు చనిపోవడమే.

మైకోప్లాస్మా పల్మోనిస్ పూర్తి జన్యుపటం 2001లో వెలువడినది. దాని పొడవు సుమారు 9.6 లక్షల క్షార జంటలు. ఇంత చిన్న జన్యువుతో ఈ జీవి తనకు కావలసిన పోషకాలలో చాలా భాగాన్ని ఆతిథేయి కణాల నుండే గ్రహిస్తుంది. శ్వాసనాళపు లోపలి పొర మీద ఉండే సన్నని శైలికలకు (సీలియా) ఇది అతుక్కొనడంతో అవి కదలడం మానివేస్తాయి. కఫాన్ని, ధూళిని పైకి ఊడ్చివేసే పని ఆగిపోయి, ఊపిరితిత్తుల అడుగు భాగంలో చీము నిలువ ఉండిపోతుంది.

ఒంటరిగా ఉన్నప్పుడు మైకోప్లాస్మా చాలాకాలం నిద్రాణంగా ఉండవచ్చును. దానికి తోడుగా సెండాయ్ వైరస్, కన్నీటి గ్రంథులను వాపు చేసే ఎలుకల కరోనా వైరస్ (ఇది మానవులలో కోవిడ్-19 కలిగించే వైరస్ కాదు), స్ట్రెప్టోకాకస్ న్యుమోనియే, కొరినిబాక్టీరియం కుట్షెరి వంటివి చేరినప్పుడు వ్యాధి ఒక్కసారిగా ముదురుతుంది. శైలికలకు అంటుకొని ఉండే మరొక కడ్డీ ఆకారపు బాక్టీరియాను చాలాకాలం పేరు లేకుండానే వర్ణించి, తరువాత ఫైలోబాక్టీరియం రోడెన్షియం అని పిలిచారు.

చరిత్ర

ప్రయోగశాలలలో తెల్ల ఎలుకల వాడకం పెరిగిన కొలదీ వాటి ముక్కు చీదుడు, గురక శాస్త్రజ్ఞులకు పెద్ద చిక్కుగా మారినవి. జర్మనీ విడిచి లండన్‌లోని లిస్టర్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన ఎమ్మీ క్లీన్‌బెర్గర్ 1930లలో ఎలుకల ఊపిరితిత్తుల నుండి ఈ తరహా జీవులను వేరుచేసింది. అదే దశకంలో అమెరికాలోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో జాన్ నెల్సన్ ఎలుకల అంటు పడిశం మీద పరిశోధనలు చేశాడు. వ్యాధికి మైకోప్లాస్మా ఒక్కటే కారణమని చెప్పడానికి మాత్రం మరికొన్ని దశాబ్దాలు పట్టినది. క్రిమిరహిత ఎలుకలకు దీనిని ఎక్కించి వ్యాధిని పూర్తిగా కలిగించవచ్చునని రస్సెల్ లిండ్సే బృందం 1971లో చూపినది.

ఈ వ్యాధి చికిత్సలో ముఖ్యమైన టెట్రాసైక్లిన్ వర్గపు మందులకు తెలుగువారితో సంబంధం కలదు. ఈ వర్గంలో మొదటిదైన ఆరియోమైసిన్‌ను (క్లోర్‌టెట్రాసైక్లిన్) అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో బెంజమిన్ డగ్గర్ కనుగొన్నాడు. ఆ పరిశోధన విభాగానికి అప్పటి సారథి, 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. ఈ మందు లోకానికి వెల్లడైన 1948లోనే ఆయన మరణించాడు. అదే వర్గానికి చెంది, అమెరికాలో 1967లో అనుమతి పొందిన డాక్సీసైక్లిన్ నేడు ఎలుకల మైకోప్లాస్మా చికిత్సలో మొదట వాడే మందులలో ఒకటి.

వ్యాప్తి

తల్లి నుండి పిల్లలకు గర్భంలోనే, లేదా పుట్టిన కొద్ది రోజులలో ముక్కు స్రావాల ద్వారా వ్యాధి సంక్రమిస్తుంది. ఒకే పంజరంలోని ఎలుకల మధ్య తుమ్ముల తుంపరల ద్వారా పాకుతుంది. గర్భాశయానికి సోకినపుడు ఆడ ఎలుకలు చూలు నిలువక పోవడం, తక్కువ పిల్లలను ఈనడం జరుగుతుంది. అంగడిలో కొన్న ఎలుక పైకి ఆరోగ్యంగా కనిపించినా క్రిమిని మోస్తూ ఉండే అవకాశం చాలా ఎక్కువ. కనుక "మా ఎలుకకు ఎక్కడ అంటినది" అన్న ప్రశ్నకు చాలా సందర్భాలలో సమాధానం, అది పుట్టుకతోనే తెచ్చుకొన్నది అని. అసలు అడగవలసినది, ఇంతకాలం అణిగి ఉన్న జబ్బు ఇప్పుడే ఎందుకు పైకి వచ్చినది అని.

ఆ ప్రశ్నకు తరచుగా దొరికే సమాధానం అమ్మోనియా. ఎలుక మూత్రంలోని యూరియాను పంజరంలోని బాక్టీరియా అమ్మోనియాగా మారుస్తుంది. గాలిలో అమ్మోనియా పది లక్షల పాళ్ళలో 25 పాళ్ళు ఉన్నప్పటికీ మైకోప్లాస్మా వ్యాధి తీవ్రమవుతుందని 1976లో ప్రచురితమైన ప్రయోగాలు చూపినవి. ఘాటు మనిషి ముక్కుకు తెలిసే సరికే, పక్కబొంత మీదనే ముక్కు పెట్టి పడుకొనే ఎలుకకు హాని మొదలై ఉంటుంది.

లక్షణాలు

వ్యాధి తొలి దశలో తుమ్ములు, ముక్కు చీదుతున్న శబ్దం వినిపిస్తాయి. కొత్త ఇంటికి వచ్చిన ఎలుక మొదటి కొద్ది రోజులు తుమ్మడం మామూలే. అది తగ్గకుండా కొనసాగితే అనుమానించాలి. కంటి చుట్టూ, ముక్కు చివర ఎర్రని మరక ఏర్పడుతుంది. దీనిని చూసి రక్తం కారుతున్నదని భయపడేవారు ఎక్కువ. అది రక్తం కాదు. కంటి వెనుక ఉండే హార్డేరియన్ గ్రంథి స్రవించే పార్ఫిరిన్ అనే ఎర్రని పదార్థం. ఆరోగ్యంగా ఉన్న ఎలుక దానిని ముందు కాళ్ళతో తుడుచుకొంటుంది. జబ్బు వలన గాని, బెదురు వలన గాని శుభ్రం చేసుకొనడం మానినపుడు మరక పేరుకుంటుంది. కనుక ఎర్రని మరక శ్వాసకోశ వ్యాధికి మాత్రమే గుర్తు కాదు, ఎలుక బాగాలేదనడానికి గుర్తు.

వ్యాధి ముదిరిన కొలదీ గురక, ఊపిరి తీసినపుడు డొక్కలు లోపలికి పోవడం, వీపు గూని కావడం, వెంట్రుకలు నిక్కబొడుచుకొనడం, బరువు తగ్గడం కనిపిస్తాయి. మధ్య చెవి నుండి లోపలి చెవికి పాకితే తల ఒక ప్రక్కకు వాలి, ఎలుక గుండ్రంగా తిరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న ఎలుక విశ్రాంతిలో నిమిషానికి సుమారు 70 నుండి 115 సార్లు శ్వాసిస్తుంది. ఎలుకలు ముక్కుతో మాత్రమే శ్వాసించే జంతువులు. కాబట్టి నోరు తెరిచి ఎగశ్వాస తీసే ఎలుక, చెవులు, పాదాలు నీలివర్ణానికి మారిన ఎలుక ప్రాణాపాయంలో ఉన్నట్లే. అప్పుడు మాత్రల లెక్క చూసుకొంటూ కూర్చొనక, ఆమ్లజని ఇవ్వగల చోటికి తీసుకుపోవాలి.

ముసలి ఎలుకలలో గుండె జబ్బు కూడా ఇదే విధంగా ఆయాసాన్ని కలిగిస్తుంది. రెండు యాంటీబయోటిక్‌లు మార్చినా తగ్గని ఆయాసానికి కారణం కొన్నిసార్లు క్రిమి కాకపోవచ్చును. ఎక్స్-రే తీయగల చోట ఈ తేడాను పట్టుకొనడం సులభము.

చికిత్స

డాక్సీసైక్లిన్ బాక్టీరియా ప్రోటీన్ తయారీని నిలిపివేస్తుంది. కణకవచంతో దానికి పని లేదు. క్రిమిని అణచడమే కాక ఊపిరితిత్తుల వాపును స్వతహాగా తగ్గించే గుణం కూడా దీనికి ఉన్నందున దీర్ఘకాలిక రోగులలో దీనికి ప్రాధాన్యత ఇస్తారు. పశువైద్య గ్రంథాలలో సాధారణంగా కనిపించే మోతాదు కిలో బరువుకు 5 మిల్లీగ్రాములు, రోజుకు రెండు సార్లు, నోటి ద్వారా. పాలు, పెరుగులోని కాల్షియం ఈ మందును పట్టివేసి రక్తంలోకి చేరనివ్వదు. చేదు తెలియకుండా పాలలో కలిపి ఇవ్వడం అనే ఇంటి ఉపాయం ఇక్కడ మందును వృథా చేయడమే అవుతుంది. అరటిపండు గుజ్జు మేలు. ఎదిగే పిల్లలలో ఎముకలకు, పండ్లకు అంటుకొంటుంది గనుక చూలు ఎలుకలకు, పిల్లలకు వైద్యుడు ఆలోచించి మాత్రమే వ్రాస్తాడు.

ఎన్రోఫ్లోక్సాసిన్ ఫ్లోరోక్వినలోన్ వర్గానికి చెందినది. ఇది బాక్టీరియా డీఎన్ఏ ప్రతిరూపకల్పనను చెడగొడుతుంది. శరీరంలో కొంతభాగం సిప్రోఫ్లోక్సాసిన్‌గా మారుతుంది. కిలోకు 5 నుండి 10 మిల్లీగ్రాములు రోజుకు రెండు సార్లు వాడతారు. తీవ్రమైన కేసులలో దీనిని డాక్సీసైక్లిన్‌తో కలిపి ఇవ్వడం పశువైద్యులలో వాడుక. ఎదుగుతున్న జంతువులలో కీళ్ళ మృదులాస్థికి హాని చేసే అవకాశం ఉన్నది. పలుచన చేయకుండా చర్మం క్రింద ఇంజెక్షన్‌గా ఇస్తే ఆ చోట చర్మం కుళ్ళి పుండు పడవచ్చును. అజిత్రోమైసిన్, టైలోసిన్ ఇతర ప్రత్యామ్నాయాలు.

పెన్సిలిన్ వర్గం గురించి ఒక మాట. గినీ పందులకు, హామ్‌స్టర్‌లకు నోటి ద్వారా పెన్సిలిన్ ఇస్తే ప్రేగులలోని మేలు చేసే బాక్టీరియా నశించి, విషాన్ని స్రవించే క్లోస్ట్రిడియా పెరిగి ప్రాణం పోవచ్చును. ఎలుకలు ఈ విషయంలో గట్టివి. అయితే ఒకే ఇంటిలో రెండు రకాల జంతువులను పెంచేవారు ఒకదాని సీసాను మరొకదానికి వాడరాదు.

మందు ఆరంభించిన కొద్ది రోజులలో ఎలుక తేరుకొని తిరగడం మొదలుపెడుతుంది. పెంపకందారులు సాధారణంగా ఇక్కడే మందు ఆపివేస్తారు, వ్యాధి తిరగబెట్టేది కూడా ఇక్కడే. సాధారణంగా రెండు మూడు వారాలు, ముదిరిన వ్యాధిలో అంతకంటె ఎక్కువ కాలం ఇవ్వవలసి ఉంటుంది. ఊపిరితిత్తులలో చీముగడ్డలు ఏర్పడిన ఎలుకకు జీవితాంతం మందు అవసరం కావచ్చును. వారం గడిచినా మార్పు లేకపోతే మోతాదు పెంచడం కాక, మందు మార్చాలా, వేరే జబ్బు ఉన్నదా అని వైద్యుడు పరిశీలించాలి.

త్రాగే నీటిలో మందు కలపడం తేలికగా కనిపించినా నమ్మదగినది కాదు. చేదు వలన ఎలుక నీరు తక్కువ త్రాగుతుంది. జబ్బుపడినది అందరికంటె తక్కువ త్రాగుతుంది. పైగా డాక్సీసైక్లిన్ వెలుతురులో శక్తిని కోల్పోతుంది.

మోతాదు లెక్క

ఎలుకల చికిత్సలో ఎక్కువ పొరపాట్లు మందు ఎంపికలో కన్నా లెక్కలోనే జరుగుతాయి. 400 గ్రాముల ఎలుకకు కిలోకు 5 మిల్లీగ్రాముల చొప్పున డాక్సీసైక్లిన్ ఒక్క మోతాదు 2 మిల్లీగ్రాములు. మనుషులకు ఇచ్చే 100 మిల్లీగ్రాముల గొట్టం మాత్రలో ఇటువంటివి 50 మోతాదులు ఉంటాయి. పొడిని కాగితం మీద పోసి కంటితో 50 భాగాలు చేయడం ఎవరి వల్లా కాదు. 5 మిల్లీలీటర్లలో 50 మిల్లీగ్రాములు ఉండే పిల్లల సిరప్ అయితే అదే మోతాదు 0.2 మిల్లీలీటరు. సూది తీసివేసిన 1 మిల్లీలీటరు ఇన్సులిన్ సిరంజితో దీనిని కొలవవచ్చును. 40 యూనిట్ల సిరంజిలో అది 8వ గీత, 100 యూనిట్ల సిరంజిలో 20వ గీత. ఏ సిరంజి అన్నది చూసుకొనకపోతే మోతాదు రెండున్నర రెట్లు తప్పుతుంది.

కోళ్ళకు వాడే 10 శాతం ఎన్రోఫ్లోక్సాసిన్ ద్రావణం ఇంకా ప్రమాదకరము. అందులో మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు ఉంటాయి. కిలోకు 10 మిల్లీగ్రాముల లెక్కన 400 గ్రాముల ఎలుకకు కావలసినది 4 మిల్లీగ్రాములు, అంటే 0.04 మిల్లీలీటరు. ఇది ఒక్క చుక్క కంటె తక్కువ. రెండు చుక్కలు పడితే మోతాదు రెట్టింపు దాటిపోతుంది. పైగా ఆ ద్రావణం గాఢమైన క్షారగుణం కలది, నేరుగా నోటిలో వేస్తే పుండు చేస్తుంది. ఒక పాలు మందుకు తొమ్మిది పాళ్ళు నీరు కలిపితే మోతాదు 0.4 మిల్లీలీటరు అవుతుంది, కొలవడానికి వీలు చిక్కుతుంది. ఈ పలుచన వైద్యుని చేతనే చేయించుకొనడం ఉత్తమము.

ఎలుకను వారానికి ఒకసారైనా తూచాలి. వంటింటి డిజిటల్ త్రాసు చాలును. బరువు తగ్గడం గురక కంటె ముందే జబ్బును పట్టిస్తుంది. మందు లెక్క కూడా బరువుతో పాటు మారుతుంది.

కొత్తవలస వంటి ఊళ్ళలో పరిస్థితి

విజయనగరం జిల్లాలోని కొత్తవలస, హౌరా - చెన్నై ప్రధాన మార్గం మీద రైల్వే కూడలి. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని తరలించడానికి 1960లలో నిర్మించిన కిరండోల్ రైలుమార్గం ఇక్కడనే ప్రారంభమవుతుంది. ఇటువంటి ఊళ్ళలో పశువైద్యశాలకు వచ్చేవి ప్రధానంగా ఆవులు, గేదెలు, గొర్రెలు, మేకలు, కోళ్ళు. ఎలుకను బుట్టలో పెట్టుకొని వచ్చినవారిని చూసి వరుసలో ఉన్నవారు నవ్వవచ్చును. ధాన్యాన్ని తినివేసే ఎలుకకు మందు పెట్టి చంపడమే తెలిసిన సేద్యపు సీమలో, ఎలుకకు మందు ఇచ్చి బ్రతికించడం వింతగా తోచడం సహజమే.

అయితే ఈ వ్యాధి అక్కడి వైద్యునికి పూర్తిగా కొత్తది కాదు. కోళ్ళలో గురక, ముక్కు కారడం కలిగించే దీర్ఘకాలిక శ్వాసకోశ వ్యాధికి కారకం మైకోప్లాస్మా గాలిసెప్టికమ్. మేకలలో ప్రాణాంతకమైన ఊపిరితిత్తుల అంటువ్యాధికి మరొక మైకోప్లాస్మా కారకం. మందుల వర్గాలు అవే, మోతాదు మాత్రమే వేరు. "ఎలుకలకు వైద్యం తెలియదు" అనే వైద్యునికి బరువు, వయసు, లక్షణాలు మొదలైన తేదీ, ఇప్పటివరకు ఇచ్చిన మందుల పేర్లు వ్రాసి చూపితే సగం పని అయినట్లే. ఎక్స్-రే వంటివి అవసరమైనపుడు ఒక వైపు సుమారు 30 కిలోమీటర్ల దూరంలో విశాఖపట్నం, మరొక వైపు విజయనగరం దాటిన తరువాత గరివిడిలో శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయపు కళాశాల ఉన్నవి. ఎలుకలు చెమట ద్వారా శరీరాన్ని చల్లబరచుకొనలేవు, వేడిని వదలడానికి తోక కూడా తోడ్పడుతుంది. ఆయాసంతో ఉన్నదానిని ఎండ వేళ మూసిన డబ్బాలో తీసుకువెళ్ళరాదు.

మందుల దుకాణంలో చీటీ లేకుండా యాంటీబయోటిక్ కొనడం సులభమే గాని, చట్టరీత్యా ఈ మందులు వైద్యుని చీటీ మీద మాత్రమే అమ్మవలసినవి. కారణం కేవలం నియమం కాదు. హైదరాబాదు సమీపంలోని పటాన్‌చెరులో మందుల కర్మాగారాల వ్యర్థజలాలను శుద్ధి చేసే కేంద్రం నుండి వెలువడిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లోక్సాసిన్ ఉన్నట్లు 2007లో ప్రచురితమైన పరిశీలన తెలిపినది. క్రిములు మందులకు లొంగకపోవడం అనే సమస్య పెద్దదిగా ఉన్న ప్రాంతమిది. మందులకు లొంగని బాక్టీరియా కలిగే ముప్పు వలన అమెరికా 2005లోనే కోళ్ళలో ఎన్రోఫ్లోక్సాసిన్ వాడకాన్ని నిషేధించినది. ఎలుక వాడే మందు రవ్వంతే, కాని తుమ్మిన ప్రతిసారీ రెండు రోజులు ఇచ్చి ఆపే అలవాటు ఆ ఎలుకలోని క్రిములనే మొండివిగా మారుస్తుంది. తరువాత నిజంగా అవసరం వచ్చినపుడు ఆ మందు పనిచేయదు.

పంజరం, పోషణ

పంజరం మారకుండా మందు మాత్రమే ఇస్తే ఫలితం నిలువదు. పక్కగా వేసినదాన్ని వారానికి ఒకటి రెండు సార్లైనా మార్చాలి. గాజు తొట్టె కంటె గాలి ఆడే కమ్మీల పంజరం మంచిది. రంపపు పొట్టు చవకగా దొరుకుతుంది గాని దాని ధూళి, దేవదారు వంటి చెక్కల ఘాటు ఊపిరితిత్తులకు చెరుపు. ఊక వేసేవారు నూక, తవుడు లేకుండా చెరిగి, ధూళి పోయిన తరువాతనే వేయాలి. ముక్కలు చేసిన కాగితం, పాత నూలు బట్ట అన్నిటికంటె మేలు. అగరుబత్తి, దోమల చుట్ట, సాంబ్రాణి, పొయ్యి పొగ ఉన్న గదిలో పంజరం ఉంచరాదు. అడవి ఎలుకలు, పందికొక్కులు పంజరం వద్దకు చేరకుండా జాగ్రత్త అవసరము.

తిండి మానిన ఎలుకకు మెత్తని అన్నం, ఉడికించిన గ్రుడ్డు, పప్పు నీరు కొద్దికొద్దిగా ఇస్తారు. ముక్కు మూసుకుపోయిన ఎలుకకు వాసన తెలియదు, కనుక తిండి గోరువెచ్చగా ఉంటే తినే అవకాశం ఎక్కువ. నెబ్యులైజర్‌తో ఉప్పునీటి తుంపర ఇవ్వడం కఫాన్ని పలుచన చేస్తుంది. మరుగుతున్న నీటి ఆవిరి వలన ఎలుక కాలిపోయే ప్రమాదం ఉన్నది. మనుషుల దగ్గు మందులు ఇవ్వరాదు.

కొత్తగా తెచ్చిన ఎలుకను రెండు మూడు వారాలు వేరే గదిలో ఉంచడం వలన వైరస్‌ల రాకను అడ్డుకొనవచ్చును. మైకోప్లాస్మాను మాత్రం ఈ పద్ధతి ఆపదు. వ్యాధి తరచుగా బయటపడే వంశంలోని ఎలుకలను ఈనించకపోవడమే దానికి ఉన్న మార్గము.

ప్రయోగశాలలలో

ప్రయోగశాలలలో ఈ వ్యాధికి మందు ఇవ్వడం అరుదు. చికిత్స పొందిన ఎలుక క్రిమిని మోస్తూనే ఉంటుంది గనుక దాని మీద చేసిన ప్రయోగపు ఫలితం నమ్మదగినది కాదు. వ్యాధి సోకిన మందను తొలగించి, క్రిమిరహితమైన తల్లుల ద్వారా కొత్త మందను నెలకొల్పుతారు. 1918లో కూనూరులో ఆరంభమై, 1958లో హైదరాబాదుకు తరలిన జాతీయ పోషకాహార సంస్థ దేశంలోని పరిశోధన కేంద్రాలకు విస్టార్ జాతి ఎలుకలను సరఫరా చేసిన సంస్థలలో ముఖ్యమైనది. అటువంటి చోట మంద మొత్తం ఆరోగ్యమే లెక్క. ఇంటిలో ఉన్నది ఒకటో రెండో ఎలుకలు గనుక అక్కడి నియమం ఇక్కడికి వర్తించదు.

మనుషులకు సోకునా

మైకోప్లాస్మా పల్మోనిస్ ఎలుకల, చిట్టెలుకల క్రిమి. మనుషులలో న్యుమోనియా కలిగించే మైకోప్లాస్మా న్యుమోనియే వేరు జాతి. స్ట్రెప్టోకాకస్ న్యుమోనియే మాత్రం రెంటికీ ఉమ్మడి శత్రువు, అది మనుషుల నుండి ఎలుకలకు సోకగలదు. తీవ్రమైన దగ్గు, జలుబు ఉన్నవారు ఆ కొద్ది రోజులు ఎలుకను ముఖానికి దగ్గరగా తీసుకొనకపోవడం మంచిది. మందు త్రాగించేటపుడు ఎలుక కరిస్తే గాయాన్ని సబ్బుతో కడిగి, తరువాతి రోజులలో జ్వరం, కీళ్ళ నొప్పులు, దద్దుర్లు వస్తే ఎలుక కరచిన సంగతిని వైద్యునికి తప్పక చెప్పాలి. అది ఎలుక కాటు జ్వరం కావచ్చును. దానికి స్ట్రెప్టోబాసిల్లస్ మోనిలిఫార్మిస్ అనే బాక్టీరియా కారణం, దాని మీద పెన్సిలిన్ చక్కగా పనిచేస్తుంది.